నీలం టేపు

జోజప్ప సారు కారుకు రెండే సీట్లు.
ఎన్క కూసునే జాగ లేదు, పాటకు తప్ప.
సీట్ల ఎన్క చెక్కకు ఎడమొకటి కుడొకటి
రొట్టె పెనమంత స్పీకర్లు.
ఎర్ర పెయింటు ఎండకు ఎలిసి
పండుమిరప మీద దుమ్ము కూసున్నట్టున్నది.
ఫాతిమానగర్ పోరగాండ్లు ఆ బండిని
"సారు బొమ్మ" అంటరట.

"కరీంనగర్ గ్రానైట్ సేటు కాడ కొన్ననాటి సంది
పాట పలుచగనే ఇనస్తది బిడ్డా.
చెవుదేనేమో తప్పు.
ముప్పయ్యేండ్లు డీజిల్ ఇంజన్ల కూసున్న చెవు,
కుడిది పోయిందన్నడు డాక్టర్.
మాత పండుగ రికార్డుల మా చిన్నప్ప డోలు కొడతడు,
నాకైతే వాని చేతులు ఆడినట్టే ఉండది.
'ఉత్తగ నిలవడ్డవురా' అని తిట్టిన గూడ.
ఒకసారి ఇవి మార్చి చూడు.
తప్పు నాదైతే నాదే."

ములుగురోడ్డు మీద మిట్టమధ్యాహ్నం.
సీట్లు ముందుకు ఒంచి, బోర్లపండి, చెయ్యి లోపటికి పెట్టిన.
నాలుగు స్క్రూలు. మూడు వచ్చినయి.
నాలుగోది తుప్పు పట్టి మొండికేసింది.
నూనె, తిట్లు, మల్ల నూనె.
గీసుకపోయిన కాడ ఎర్ర కింద తెలుపు కనవడ్డది.

స్పీకర్ అంచు కాలిన అప్పడం లెక్క
ఏలు తాకంగనే పొడి.
ఎన్క సందుల ఎలుక గూడు:
ఎనుమాముల పత్తి, పెండ్లికార్డు బంగారు మూల,
ఒక చింతగింజ.
పాటల నడుమ ఎన్ని కాన్పులైనయో.

టార్చి ఏసి వైర్లు చూసిన.
నీలం టేపు.

నల్లది అయిపోయిననాడు
నయీంనగర్ల గఫార్ ఉస్తాదు నన్ను ఉరికిస్తే
దుకాణపోడు అంటగట్టిన నీలం.
మూడు చుట్లు చుట్టి, కొనను పంటితోని కొరికేటోన్ని.
గాటు ఇంక గట్లనే ఉన్నది.
పద్నాలుగేండ్ల నా పన్ను,
అప్పటి తెల్లబండిల.

టేపు ఇప్పిన.
చార ఉన్న వైరు ప్లస్సుకు పోవాలె.
మైనస్సుకు పోయింది.

కుడిది గాలిని ముందుకు తోసేటాల్లకు
ఎడమది ఎన్కకు గుంజుతది.
రెండిట్ల ఏదీ చెడిపోలే, రెండూ పానం పెట్టి కొడతయి,
ఒకదాని కష్టం ఇంకోటి తింటది.
సన్న రాగాలు ఎట్లనో తప్పించుకొని వస్తయి.
డోలు మాత్రం
చెవు దాక రాకముందే నడుమ గాలిల సస్తది.
ఇరవయ్యొక్క ఏండ్లు.
దాంట్ల పదిహేను ఈయనయి.

కొత్తవి బిగించిన. చార వైరు చూసిన.
మల్ల చూసిన.
నల్ల టేపు, కత్తెరతోని కోసి.

పెన్‌డ్రైవ్ పెట్టిండు సారు.
ముందుగాల బూరలు, జనం గోల, ఎవలో దగ్గుడు.
అటెన్క కారు తలుపుల రేకు అదిరింది.
డ్యాష్‌బోర్డు మీది చిన్న సిలువ ఊగింది.
సారు స్టీరింగు ఇడిశిపెట్టి
అరచెయ్యి సీటు మీద ఆనిచ్చిండు,
పట్టాల మీద చెయ్యి పెట్టి
బండి ఎంత దూరమున్నదో చూసేటోని తీరుగ.

ఫోన్ తీసిండు. ఎడమ చెవుకు పెట్టుకున్నడు.
"చిన్నప్పా, నువ్వు కొట్టినవు రా," అన్నడు.
అవుతలికెల్లి ఏమన్నడో,
"ఆఁ, ఇగో ఇప్పుడే," అని నవ్విండు.

"మంచి కంపెనీయే ఏసినవు బిడ్డా, ఎంతాయె?"

స్పీకర్ల పైసలే తీసుకున్న, చేతికూలి ముట్టలే.
ఎందుకన్నడు.

చెప్పిన.
టేపు సంగతి, చార సంగతి, పన్ను గాటు సంగతి,
ఒక్క ముక్క దాచకుంట అంత చెప్పిన.
గాని కిటికీ కాడ నిలవడి చెప్పిన,
ఆయనకు కుడిపక్క.